వాక్యాన్ని బొమ్మగా గీసి చదవడం పనికొస్తుందా? తెలుగుకు ఏ పద్ధతి నప్పుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వార్తల్లో, ఒప్పంద పత్రాల్లో వచ్చే పొడవైన తెలుగు వాక్యాలు చదువుతుంటే సగంలోనే ఎవరు ఏం చేశారో తప్పిపోతోంది. ఇంగ్లీషు గ్రామర్ పాఠాల్లో వాక్యాన్ని గీతలుగా విడదీసి చూపించడం చూశారు. తెలుగు వాక్యాలకూ అలా గీయొచ్చా, గీస్తే లాభం ఉంటుందా, తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి నేర్పించవచ్చా అని. మీరు తడబడిన వాక్యం కూడా ఇచ్చారు: "సంఘం ప్రభుత్వం కమిటీ సమర్పించిన నివేదికను అమలు చేయాలని కోరింది."

గీయొచ్చు, లాభం ఉంటుంది. కాకపోతే ఇంగ్లీషు పాఠాల్లో చూసిన పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోకండి. తెలుగు వాక్యానికి చివరి క్రియను ముందు పట్టుకోండి. దాన్ని ప్రశ్నలు అడుగుతూ, ఏ మాట ఏ మాటకు చెందుతుందో గీతతో కలుపుతూ వెనక్కి రండి. అదీ ప్రతి వాక్యానికీ అక్కర్లేదు, చదువుతూ చదువుతూ ఆగిపోయిన వాక్యానికి గీస్తే చాలు.

అనువాదాలు దిద్దడం, వ్యాకరణం చెప్పడం నా వృత్తి. ఈ గీతలు నాకు రోజూ పనికొస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు, గీయడం వల్ల అసలు ఏం జరుగుతుందో చెప్తాను. చదువుతున్నప్పుడు మనకు "అర్థమైనట్టే" ఉంటుంది. "నిన్న" అనే మాట ఏ క్రియకు చెందిందో తేల్చుకోకుండానే కన్ను ముందుకు వెళ్లిపోతుంది. కాగితం మీద గీత గీయాలంటే మాత్రం తేల్చుకోక తప్పదు, ఎందుకంటే గీత రెండో కొస ఎక్కడో ఒక చోట ఆనాలి. గీయడంలోని మేలంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది. బొమ్మ అందంగా వచ్చిందా లేదా అన్నది నేను పట్టించుకోను.

ఇక పద్ధతులు. మీరు పాఠాల్లో చూసింది బహుశా అమెరికాలో అలాన్జో రీడ్, బ్రెయినర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు 1877లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అయి ఉంటుంది. ఒక అడ్డగీత మీద కర్త, క్రియ రాస్తారు. ఆ రెండింటి మధ్య అడ్డగీతను దాటి కిందికి దిగే నిలువు గీత ఉంటుంది. క్రియకూ కర్మకూ మధ్య అడ్డగీత దగ్గరే ఆగిపోయే పొట్టి గీత ఉంటుంది. విశేషణాలు కింద ఏటవాలు గీతల మీద వేలాడతాయి. అంతకు 30 ఏళ్ల ముందు, 1847లో, స్టీఫెన్ క్లార్క్ అనే ఆయన మాటలను బుడగల్లాంటి గళ్లలో పెట్టి కలిపేవారు. రెండూ ఇంగ్లీషు కోసం పుట్టినవి. కర్త, క్రియ, కర్మ అనే వరస అక్కడ దాదాపు స్థిరం కాబట్టి అడ్డగీత అక్కడ చక్కగా అమరుతుంది.

తెలుగులో "ఆయన మా గురువు" అన్నామనుకోండి, క్రియ గడిలో ఏం రాస్తాం? "నాకు కోపం వచ్చింది"లో కర్త గడిలో "నాకు" రాయాలా, "కోపం" రాయాలా? అడ్డగీత పట్టుకుంటే ఇలాంటి చోట్ల పిల్లలు బొమ్మతోనే కుస్తీ పడతారు, వాక్యం సంగతి పక్కకు పోతుంది.

రెండోది, 1957 తర్వాత అమెరికా భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ వల్ల బాగా పేరొచ్చిన కొమ్మల చెట్టు. వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ చీల్చుకుంటూ పోతారు. భాషాశాస్త్రం చదివేవాళ్లకు ఇది తప్పనిసరి. కానీ తెలుగులో మాటలు చోటు మార్చుకుంటూ ఉంటాయి కదా, ఒకే ముక్కకు చెందిన మాటలు దూరదూరంగా పడితే కొమ్మలు ఒకదాన్నొకటి దాటేస్తాయి. మామూలు పాఠకుడికి ఇంత బరువు అవసరం లేదు.

మూడోదే మనకు కావలసింది. క్రియను పైన పెట్టి, మిగతా మాటలను అవి ఆధారపడే మాట కింద వేలాడదీయడం. యూరప్‌లో దీనికి రూపం ఇచ్చినవాడు లూసియన్ తెనియేర్ అనే ఫ్రెంచి పండితుడు. ఆయన 1954లో పోయారు, ఆయన పెద్ద గ్రంథం 1959లో వచ్చింది. అయితే క్రియ చుట్టూ కారకాలు (ఎవరు, దేన్ని, దేనితో అని క్రియకు ఒక్కో మాట ఎలా సంబంధిస్తుందో చెప్పేవి) అన్న ఆలోచన సంస్కృత వ్యాకరణం రాసిన పాణినిది, అంటే మనకు వేల ఏళ్ల పాతది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల వాక్యాలను కంప్యూటర్ కోసం గీతలతో గుర్తించే పని మొదలుపెట్టినప్పుడు కూడా పాణిని కారకాలనే పునాదిగా తీసుకున్నారు.

అసలు పద్యానికి ఖండాన్వయం చెప్పించుకున్నవాళ్లు ఈ పని చేసినవాళ్లే. గురువుగారు ముందు క్రియ చెప్పమంటారు. తర్వాత ఎవరు, దేన్ని, దేనితో, ఎలాంటి అని ఒక్కో ప్రశ్నా వేస్తారు, శిష్యుడు పద్యంలోంచి ఒక్కో మాటా ఏరి ఇస్తాడు. ఆ ప్రశ్నలనూ జవాబులనూ గీతలతో కలిపితే నేను చెప్తున్న బొమ్మే వస్తుంది.

ఒక వాక్యాన్ని గీద్దాం

"నిన్న సభలో మాట్లాడిన రచయిత తన మొదటి కథ అచ్చయిన పత్రికను విద్యార్థులకు చూపించి వెళ్లిపోయాడు."

చివరి క్రియ "వెళ్లిపోయాడు". దాన్ని పైన రాసి, ప్రశ్నలతో కిందికి దిగుదాం.

- వెళ్లిపోయాడు
  - ఎవరు? రచయిత
    - ఏ రచయిత? మాట్లాడిన
      - ఎక్కడ? సభలో
      - ఎప్పుడు? నిన్న
  - ఏం చేసి? చూపించి
    - ఎవరికి? విద్యార్థులకు
    - దేన్ని? పత్రికను
      - ఏ పత్రిక? అచ్చయిన
        - ఏది? కథ
          - ఎన్నో కథ? మొదటి
          - ఎవరి కథ? తన

పన్నెండు మాటలు, ఒక్కటి తప్ప ప్రతిదానికీ పైన ఒకే ఒక్క మాట. గీశాక సరిచూసుకోవాల్సింది ఇదే. పైన ఆధారం లేని మాట ఒకటే ఉండాలి. రెండు మిగిలాయంటే, ఒకటి ఎక్కడో కలపడం మరిచిపోయారు, లేదా అది నిజానికి రెండు వాక్యాలు. ఒక మాటకు పైన రెండు ఆధారాలు కనిపిస్తుంటే, అక్కడ వాక్యమే రెండు రకాలుగా అర్థమవుతోందేమో చూడండి.

పై బొమ్మలో అలాంటి చోటు ఒకటి ఉంది. "నిన్న" దేనికి చెందింది? నేను "మాట్లాడిన" కింద పెట్టాను. "వెళ్లిపోయాడు" కింద పెట్టినా తెలుగు ఒప్పుకుంటుంది. అప్పుడు వెళ్లడం నిన్న, సభ ఎప్పుడో తెలియదు. చదివేటప్పుడు ఈ అనుమానం చాలామందికి రాదు.

మన శాస్త్రంలో వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలంటారు. గీసేటప్పుడు ఈ మూడింటితోనే పని. మీరు వేసే ప్రశ్న ఆకాంక్ష. వచ్చిన జవాబు అర్థానికి పొసగుతుందా అన్నది యోగ్యత. రెండు చోట్లా పొసిగితే దగ్గరున్న మాటకు మొగ్గడం సన్నిధి. "నిన్న" విషయంలో నేను సన్నిధిని బట్టి తేల్చాను.

మీ వాక్యం ఎందుకు తడబెట్టింది

"సంఘం ప్రభుత్వం కమిటీ సమర్పించిన నివేదికను అమలు చేయాలని కోరింది."

దీన్ని మరో రకంగా గీద్దాం. మాటలను వరసగా ఒకే గీత మీద రాసి, ప్రతి మాట నుంచి అది చెందే మాటకు పైనుంచి విల్లులా ఒక వంపు గీయండి. "అమలు చేయాలని" అన్నది ఒకే పని కాబట్టి ఒకే గడిలో ఉంచండి. "సంఘం" నుంచి వంపు బయల్దేరి "కోరింది" దాకా, అంటే ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్తుంది. దాని లోపల "ప్రభుత్వం" వంపు "అమలు చేయాలని" దాకా. దాని లోపల "కమిటీ" వంపు "సమర్పించిన" దాకా. ఒకదాని కడుపులో ఒకటి మూడు వంపులు.

చదివేవాడి వైపు నుంచి చూడండి. వరసగా ముగ్గురు కర్తలు వచ్చారు, ముగ్గురిలో ఒక్కరి క్రియ కూడా ఇంకా రాలేదు. ముగ్గురినీ మనసులో మోస్తూ ముందుకు నడవాలి. మీరు తప్పిపోయింది సరిగ్గా అక్కడే, అందులో మీ లోపమేమీ లేదు.

ఇప్పుడు ఇది చూడండి: "కమిటీ సమర్పించిన నివేదికను ప్రభుత్వం అమలు చేయాలని సంఘం కోరింది."

అవే మాటలు. క్రియ కింద వేలాడదీసి గీస్తే బొమ్మ కూడా అదే, ఒక్క గీత మారదు. మారింది వంపుల పొడవు మాత్రమే. కమిటీ పక్కనే దాని క్రియ, సంఘం పక్కనే దాని క్రియ. ఏ క్షణంలోనూ రెండు మాటలకు మించి ఎదురుచూడవు. అందుకే ఇది గడగడా చదివిస్తుంది.

తెలుగులో ఆధారమయ్యే మాట దాదాపు ఎప్పుడూ తర్వాతే వస్తుంది. విశేషణం ముందు, నామవాచకం తర్వాత. "అని"కి ముందే చెప్పిన మాట, దాని తర్వాత "చెప్పాడు". కర్త ముందు, క్రియ చివర. కాబట్టి చదివేవాడు ఎప్పుడూ రాబోయే మాట కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. ఇంగ్లీషులో క్రియ తొందరగా వచ్చేస్తుంది, వివరాలు వెనకాల తోకలా వస్తాయి. ఇంగ్లీషు వాక్యాన్ని ఎదుట పెట్టుకుని అనువదించేవాళ్లు అక్కడి వరస ప్రకారం కర్తను ముందు దించేసి, క్రియను చివరికి నెట్టి, మధ్యలో అంతా కూరుతారు. వార్తల్లో మీకు తగిలే కష్టమైన వాక్యాల్లో చాలా భాగం ఇలా పుట్టినవే.

నా దగ్గర పని నేర్చుకునే అనువాదకులకు నేను చెప్పేది: ఇంగ్లీషు వాక్యానికి క్రియ పైన ఉండే బొమ్మ గీయండి, తర్వాత ఇంగ్లీషు కాగితం మూసేయండి. బొమ్మను అడుగు నుంచి పైకి చదువుకుంటూ తెలుగు రాయండి. లోతుగా, బరువుగా ఉన్న కొమ్మను ముందు చెప్పండి, ఒంటరి మాటను దాని క్రియ పక్కన పెట్టండి. ఇంగ్లీషుకూ తెలుగుకూ ఎవరు ఎవరికి చెందుతారన్నది చాలావరకు ఒకటే, వైపులు మాత్రమే వేరు.

డబ్బు, హక్కులు ముడిపడిన వాక్యం

ఒప్పంద పత్రాల మాట ఎత్తారు కాబట్టి, ఒక అద్దె ఒప్పందంలో నేను దిద్దిన షరతు చెప్తాను.

"యజమాని అనుమతి లేకుండా మార్పులు చేసిన గదులను ఇతరులకు ఇవ్వకూడదు."

"లేకుండా" ఎక్కడ వేలాడుతుంది? "చేసిన" కింద అయితే, అనుమతి తీసుకోకుండా మార్చిన గదులను ఎవరికీ ఇవ్వకూడదని అర్థం. అనుమతితో మార్చిన గదుల గురించి ఈ షరతు నోరెత్తదు. "ఇవ్వకూడదు" కింద అయితే, మార్పులు చేసిన ఏ గదినైనా ఇవ్వడానికి యజమాని అనుమతి కావాలి, అనుమతి ఉంటే ఇవ్వొచ్చు. రెండు వేర్వేరు హక్కులు! రాసినవారిని అడిగితే రెండో అర్థం తమ ఉద్దేశమన్నారు. సన్నిధిని బట్టి చదివేవాళ్లకు మొదటిదే తోస్తుంది.

మార్పు చిన్నదే. "మార్పులు చేసిన గదులను యజమాని అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వకూడదు." ఇప్పుడు "లేకుండా"కు "చేసిన" అందదు, ఎందుకంటే అది వెనక ఉండిపోయింది. మొదటి అర్థమే కావాలంటే వాక్యాన్ని విడగొట్టడం మంచిది: "యజమాని అనుమతి లేకుండా గదుల్లో మార్పులు చేస్తే, ఆ గదులను ఇతరులకు ఇవ్వకూడదు." సంతకం పెట్టే కాగితంలో "లేకుండా", "తప్ప", "మాత్రమే", "వరకు" కనిపిస్తే ఆగి గీత గీయండి. ఈ ఒక్క అలవాటు చేసుకున్నా చాలు.

చిన్న పదబంధాల్లోనూ ఇదే తంతు. "పాత పుస్తకాల అల్మారా"లో పాతవి పుస్తకాలా, అల్మారానా? "రాము చూసిన అమ్మాయి తమ్ముడు"లో రాము చూసింది అమ్మాయినా, తమ్ముణ్నా? రెండేసి బొమ్మలు గీస్తే తేడా చప్పున కనిపిస్తుంది.

గీసేటప్పుడు వచ్చే చిక్కులు

క్రియ లేని వాక్యం: "ఆయన మా గురువు"లో "గురువు"నే పైన పెట్టండి, "ఎవరు?" అని అడిగి "ఆయన"ను వేలాడదీయండి. లేని క్రియను తెచ్చి పెట్టొద్దు. వ్యతిరేకంలో "కాదు" వస్తుంది, అప్పుడు దాన్ని పైన పెట్టుకోవచ్చు.

"నాకు కోపం వచ్చింది", "ఆమెకు భయం వేసింది" లాంటివి: క్రియ చివరి ప్రత్యయం చూడండి. "వచ్చింది" అన్నది "కోపం"తో పొసుగుతుంది, "నేను"తో అయితే "వచ్చాను" అవ్వాలి. కాబట్టి "ఏది?" కింద కోపం, "ఎవరికి?" కింద నాకు. అనుభవించేది నేనే కదా, కర్త నేనే కదా అని పిల్లలు వాదిస్తారు. మంచి వాదనే, పండితుల్లోనూ ఉంది. బొమ్మ గీయడానికి మాత్రం అది తేలనక్కర్లేదు, ప్రశ్నకు జవాబు చోట్లో పడితే చాలు.

గీత మీద ప్రశ్న రాయడం మానకండి. "పిలిచిన మనిషి" తీసుకోండి. ఆ మనిషి పిలిచాడా, ఆ మనిషిని ఎవరో పిలిచారా? రెండు అర్థాలకూ గీత ఒకటే. "ఎవరు పిలిచారు", "ఎవరిని పిలిచారు" అని పక్కన రాస్తేనే తేడా తెలుస్తుంది. ఉత్త గీతలు గీసి ఊరుకునేవాళ్లకు ఇలాంటివి దొరకవు.

జంట మాటలు, అంటే "అన్న, తమ్ముడు, వాళ్ల స్నేహితులు వచ్చారు" లాంటివి ఈ పద్ధతికి కాస్త ఇబ్బంది. ఎవరూ ఎవరికీ చెందరు, అందరూ సమానం. తెనియేర్ కూడా వీటిని ప్రత్యేకంగా చూడాల్సి వచ్చింది. నేను అందరినీ ఒక గడిలో పెట్టి, ఆ గడి నుంచి ఒకే గీత క్రియకు గీస్తాను.

బొమ్మకు అందనివీ ఉన్నాయి. "అందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదనా, కొందరే వచ్చారనా? ఎలా గీసినా బొమ్మ ఒకటే వస్తుంది, గీత మీద రాసే ప్రశ్న కూడా మారదు. అలాగే "తన", "వాడు", "అది" ఎవరిని సూచిస్తున్నాయో కూడా ఈ గీతల్లో ఉండదు. వాటికి నేను చుక్కల గీత వేరుగా గీస్తాను. వ్యంగ్యం, ధ్వని, ఒత్తి పలకడం లాంటివి ఎలాగూ రావు. నిర్మాణం అర్థమైనంత మాత్రాన భావం అర్థమైపోయిందనుకోకూడదు.

కంప్యూటర్‌తో గీయించుకోవచ్చా అంటే, అలాంటి పరికరాలు ఉన్నాయి. తెలుగులో వాటికి నేర్పడానికి ఉన్న గుర్తించిన వాక్యాల సంఖ్య ఇంగ్లీషుతో పోలిస్తే చాలా తక్కువ, అందుకే పొడవైన వాక్యాల్లో బోల్తా కొడతాయి. పైగా తేల్చుకునే పని యంత్రానికి అప్పజెప్తే మీకు మిగిలేదేముంది? పెన్సిలు, కాగితమే వాడండి.

ఇక మీ అమ్మాయి సంగతి. తొమ్మిదో తరగతి మంచి వయసే. క్త్వార్థకం ("చేసి"), చేదర్థకం ("చేస్తే") అంటూ అసమాపక క్రియల పేర్లు బడిలో ఎలాగూ వస్తాయి. కానీ పేర్లతో మొదలుపెట్టకండి, టెన్షన్ పడుతుంది. మూడు నాలుగు మాటల వాక్యంతో మొదలుపెట్టి, తనకే ఒక మాట చేర్చమనండి. "పిల్లాడు పరిగెత్తాడు." ఇప్పుడు "ఎలాంటి పిల్లాడు?" అని మీరు అడగండి, "ఎర్ర చొక్కా వేసుకున్న పిల్లాడు" అని తను చెప్పాలి, బొమ్మలో చోటు తనే వెతకాలి. ఇలా వాక్యాన్ని పెంచుతూ గీసిన పిల్లలు, ఇచ్చిన వాక్యాన్ని విడగొట్టమన్న పిల్లలకంటే త్వరగా పట్టుకోవడం నేను చూశాను. తను తప్పు చోట వేలాడదీస్తే దిద్దకుండా, ఆ గీత ప్రకారం అర్థం ఏమవుతుందో చదివి వినిపించండి. "ఎర్ర"ను పిల్లాడికి తగిలిస్తే ఎర్ర పిల్లాడు అవుతాడు. తనే నవ్వి చెరిపేస్తుంది.

పాఠం పేరుతో రోజుకు పేజీల కొద్దీ గీయించొద్దు. ఒకటో రెండో వాక్యాలు, అవీ తను చదివే కథలోంచో, పద్యంలోంచో, తనకు అర్థం కానివి తీసుకోండి. పద్యంలో క్రియ మొదటి పాదంలో, కర్త నాలుగో పాదంలో ఉంటే వంపులు పొడవుగా సాగుతాయి, భయపడక్కర్లేదు. క్రియ కింద వేలాడే బొమ్మ మామూలు వాక్యానిదిలాగే వస్తుంది. చిక్కుకున్న వాక్యం ఏదైనా ఉంటే ఇక్కడే రాయండి, గీసి చూపిస్తాను.